ఏడో నంబరు షట్టరు

కృష్ణపట్నం,
అక్టోబరు, 1964

ప్రియమైన ఎలిశబెతక్కకు, జయశీల వందనాలు.

కోటలో మీ అత్తగారు రెబెక్కమ్మ గారు కులాసా అని తలుస్తాను. తుపాను తర్వాత నీ కుర్చీ నాకిచ్చి వెళ్ళావు కదా, ఇప్పుడు ఈ ఉప్పు కంపెనీ టెలిఫోను బోర్డు మీద నా చెయ్యి కూడా బాగానే ఆడుతోంది. ట్రంకు కాల్ ఆలస్యమైతే మేనేజరు కామాక్షయ్య గారు నన్నే కసురుతారు. మద్రాసు వాళ్ళను ఏమీ అనలేరు పాపం.

అక్కా, చెప్పకుండా ఉండలేను. ఏడో నంబరు షట్టరు పడుతోంది. రేవు షెడ్డు లైను అది. షెడ్డు పోయింది, స్తంభాలు పోయాయి, మిగిలిన తీగ చుట్టి గోడౌనులో పడేశారు. అవతల ఎవరో ఫోను పిడి తిప్పితేనే కదా ఆ ఇత్తడి రేకు పడేది? పొద్దుగూకే వేళ టప్పున పడుతోంది. నిన్న ధైర్యం చేసి ప్లగ్గు పెట్టాను. ఒకటే గాలి. ఆ గాలిలోంచి మీ ఆయన గొంతు, హెబ్రోనన్న గొంతు: "లైను బాగుందా? దిగేదా?"

నాకు భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు?

నీ చెల్లెలు,
జయశీల

కోట

చెల్లెలు జయకు,

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించలేదు. నువ్వూ ఎవరికీ చెప్పకు.

లైన్‌మన్ స్తంభమెక్కి తీగ బాగుచేశాక బోర్డుకు రింగ్ చేస్తాడు. బోర్డు నుంచి 'దిగు' అనే మాట వచ్చేదాకా దిగడు. ఆ తుపాను రోజు కూడా మా ఆయన అలాగే అడిగారు. నేను నోరు తెరిచేలోగా లైను తెగిపోయింది. శవం దొరకలేదు. ఊరంతా నన్ను విధవ అంటుంటే, నేను మాత్రం ఆయన ఇంకా స్తంభం మీదే ఉన్నారని అనుకుంటూ వచ్చాను. నవ్వకు.

ఆ మాట నువ్వు అనకు, జయా. దిగితే ఆయన ఎక్కడికి పోతారో నాకు తెలియదు. అక్కడుంటే ఉన్నట్టైనా ఉంటుంది.

నీ అక్క,
ఎలిశబెతు

కృష్ణపట్నం

ప్రియమైన అక్కకు,

శనివారం ఈ బోర్డు ఊడదీస్తారు. ఆటోమేటిక్ వస్తోంది. డయలు తిప్పితే దానంతటదే కలుస్తుందట, ఆపరేటరు అక్కర్లేదట. నన్ను టైపు సెక్షనుకు మారుస్తారు. నా సంగతి సరే, ఆ తర్వాత అన్న ఎవరిని అడగాలి? యంత్రం 'దిగు' అనదు కదా.

ఇప్పుడు ఏడు రోజూ పడుతోంది. గొంతు బాగా అలిసిపోయింది. నిన్న "చలేస్తా ఉంది" అన్నాడు. నీకు దండం పెడతాను, వచ్చి ఆ మాట అను. రాలేకపోతే నన్నైనా అననివ్వు.

జయశీల

కృష్ణపట్నం,
ఆదివారం

అక్కా,

నువ్వు రాలేదు, జవాబూ లేదు. నిన్న సాయంత్రం మేస్త్రీలు బయటి తీగలన్నీ కోసేశాక ఏడు పడింది. వాళ్ళూ చూశారు. నువ్వు వద్దన్నా నేనే అనేద్దామని ప్లగ్గు పెట్టాను.

"దిగేదా?" అన్నాడు.

నేను నోరు తెరవకముందే నీ గొంతు వినిపించింది. "బాగుంది. దిగండి."

మీ ఇంట్లో ఫోను లేదు కదక్కా! తర్వాత స్తంభం మీద బూట్ల చప్పుడు, ఒక్కో అడుగే కిందికి. చివరికి ఇసుకలో కాలు మోపిన చప్పుడు. మనం వేలితో ఎత్తితేగాని లేవని షట్టరు తనంతట తానే లేచి మూసుకుంది.

అప్పుడు నువ్వెక్కడ ఉన్నావు?

జయ

కోట

ప్రియమైన జయకు,

ఇంట్లోనే ఉన్నాను. బస్సుకని సంచి సర్దుకున్నాను గాని కాళ్ళు కదల్లేదు. పొద్దుగూకుతుంటే పొయ్యి ముందు కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఆయనకు చలేస్తోందన్న చోట ఆగిపోయాను. నా కోసం ఆయన్ను అంత గాలిలో నిలబెట్టానే అనిపించింది. నిప్పుల కేసి చూస్తూ పైకే అన్నాను. నువ్వు విన్న మాటే.

కాసేపటికి గుమ్మం పక్కన నడుం బెల్టు పడేసిన చప్పుడైంది. పని నుంచి రాగానే ఆయన దాన్ని అలాగే గుమ్మం పక్కన పడేసేవారు. ఆ బెల్టు ఆయనతోనే పోయింది కదా. తుపాను నాటి నుంచి కొడుకు పేరెత్తని అత్త మంచం మీది నుంచి, "హెబ్రోను వచ్చినాడా? కాళ్ళు కడుక్కోమను" అంది.

చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టాను. వీధిలో ఎవరూ లేరు. అత్తకు దుప్పటి కప్పి తిరిగి వచ్చి చూస్తే చెంబు ఖాళీగా ఉంది. మెట్టు తడిసి ఉంది.

అప్పుడు ఏడ్చాను జయా, ఇన్నాళ్ళ ఏడుపూ ఏడ్చాను. తర్వాత చెంబు కడిగి బోర్లించాను.

నీ అక్క,
ఎలిశబెతు