పాతది ఎక్స్‌చేంజికి ఇచ్చేయకండి

ఏమండీ, పాపకి టీకా వేయించడానికి వెళ్తున్నాను. అన్నం తిన్నాకే షాపుకి బయల్దేరండి. కొత్త గేమింగ్ లాప్‌టాప్ మీకు నచ్చిన ఆ పెద్దదే తీసుకోండి. కాకపోతే చార్జరుతో సహా బ్యాగులో పెట్టి, భుజాన వేసుకుని షాపు మెట్లు ఒకసారి ఎక్కి చూడండి. షాపువాడు నవ్వితే నవ్వనీండి. వారం వారం పోటీలకి దాన్ని మోసుకుంటూ రైళ్లెక్కేది మీరు, వాడు కాదు. నడుం పట్టేస్తే చిన్నదే చాలు.

పాత లాప్‌టాప్ మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి. మీరు గేమ్ ఆడుతుంటే వచ్చే దాని ఫ్యాను రొదకే పాప నిద్రపోతుంది. మీరు దాన్ని పట్టుకుని ఊరెళ్తే పిల్ల ఒక పట్టాన పడుకోదు.

ఏ గేమ్ పెడితే ఆ ఫ్యాను గట్టిగా తిరుగుతుందో ఊరెళ్లే ముందు నాకు చూపించండి. పక్కగదిలో మీరున్నారనుకుని నేనూ కాస్త పడుకుంటాను.