బోర్డు మీద పనిచేసిన ప్రోగ్రామ్

సోమవారం, ఉదయం 7.10
శపథం! నేర్పే ప్రతి ప్రోగ్రామునూ ముందు నా చేత్తో కంప్యూటర్‌లో కొట్టి, అది పనిచేశాకే బోర్డెక్కిస్తాను. ఇరవయ్యేళ్లుగా భూగోళం చెప్పుకుంటున్నవాణ్ణి. ఒకసారి హెడ్‌మేడమ్ ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టిన పాపానికి ఏడో తరగతి కంప్యూటర్ క్లాసు నా నెత్తిన పడింది. పడనీ! కొత్త డైరీ, కొత్త పెన్ను, కొత్త నేను.

మంగళవారం, మధ్యాహ్నం 1.20
ల్యాబ్‌లో పన్నెండు కంప్యూటర్లు, అన్నిటికీ ముసుగులు. తొమ్మిది లేవవు. పదోదాని పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. పదకొండోది లేచింది! రెండు అంకెలు కూడి చూపించింది! పన్నెండోదాన్ని కదిలించే ధైర్యం లేదు. స్టాఫ్‌రూమ్‌లో గొప్పగా చెప్పాను. "ఆ కూడిక నేను నోటితో చెప్పేవాణ్ణిగా" అన్నాడు లెక్కల మాస్టారు. కుళ్లు.

బుధవారం
ల్యాబ్ తాళంచెవి హెడ్‌మేడమ్ హ్యాండ్‌బ్యాగులో ఉంది. హ్యాండ్‌బ్యాగు మీటింగులో ఉంది. ఈ ఒక్కసారికి పుస్తకంలోంచి నేరుగా బోర్డు మీదికి. ఇది మినహాయింపు, శపథభంగం కాదు.

గురువారం
తాళంచెవి దొరికింది. నడుం పట్టేసింది. మళ్లీ బోర్డే.
ముందు బెంచీ కళ్లజోడు పాప లేచింది. "సార్, ఇది నిజంగా పనిచేస్తుందా? ఒకసారి కంప్యూటర్‌లో చూద్దామా?"
"ముందు నోట్సులో పదిసార్లు రాయి. కంప్యూటర్ ఎక్కడికీ పారిపోదు."

సోమవారం
పరీక్ష పెట్టాను. పదికి పది వచ్చినవాళ్లలో చీటీ తీసి ఇద్దర్ని కోడింగ్ పోటీకి పంపుతారు. నలభై మందిలో ముప్పై తొమ్మిది మందికి పదికి పది! నా బోధన అలాంటిది! కళ్లజోడుకి మాత్రం తొమ్మిది. "బోర్డు మీద ఉన్నట్టు రాయలేదు" అని ఎర్రసిరాతో రాశాను.

మంగళవారం, సాయంత్రం 5.00
మా ఆవిడ ఆఫీసులో టైపిస్టు. పేపర్లు తిరగేసింది.
"ఏమండీ, ప్రింట్ అన్న మాటలో ఆర్ ముందా, ఐ ముందా?"
"ఆర్."
"మరి క్లాసంతా ఐ ముందు రాశారేంటి? ఈ పిల్ల ఒక్కతే సరిగ్గా రాసింది. దానికే మార్కు కోశారు!"
బోర్డు కోసం పుస్తకంలోంచి దించుకున్న నా నోట్సు తీశాను. ఐ ముందుంది. నా తప్పునే ముప్పై తొమ్మిది మంది తు.చ. తప్పకుండా దించారు.
"రేపు చెప్పేయండి."
"చెప్తాలే."

బుధవారం
చెప్పలేదు. కారణాలు: గొంతు బొంగురు. పోటీ లిస్టు వెళ్లేది శుక్రవారం కదా. పైగా ఒక్క అక్షరమే, కంప్యూటర్ సర్దుకుపోతుందేమో.
ల్యాబ్‌కెళ్లి కొట్టి చూశాను. సర్దుకుపోలేదు.

గురువారం, 10.40
స్టాఫ్‌రూమ్ గుమ్మంలో కళ్లజోడు. "సార్, పుస్తకంలో ఉన్నట్టే రాశాను. ఎక్కడ తప్పయిందో చెప్తే పదిసార్లు రాస్తాను."
సిగ్గుతో చచ్చిపోయాను. నేరుగా క్లాసుకెళ్లి చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.
వెనక బెంచీలోంచి, "అయితే సార్, మా మార్కులు?"
"మీకు తొమ్మిది. తనకి పది. నాకు సున్నా."
తర్వాత హెడ్‌మేడమ్‌కి చెప్పాను. "ఇద్దర్ని పంపమంటే ఒక్క పేరేంటండీ? ఒక్క అక్షరం అటూఇటూ అయితే ఏం కొంప మునిగింది?" అన్నారు హెడ్‌మేడమ్.
"ఆ పిల్లది మునిగేది మేడమ్" అన్నాను. లిస్టు దిద్దాను.

శుక్రవారం, ఉదయం 8.05
శపథం, రెండోసారి! పోటీకి తయారవుతున్న కళ్లజోడు పదకొండో కంప్యూటర్ ముందు కాస్త జరిగి నాకు చోటిచ్చింది. చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. తెర మీద ఎర్రగా తప్పు చూపించింది.
"సార్, మళ్లీ ఐ ముందొచ్చింది."
"పదిసార్లు రాయమంటావా?"
"వద్దు సార్. ఒక్కసారి సరిగ్గా కొట్టండి, చాలు."
కొట్టాను. పనిచేసింది. శపథానికి మొదటి రోజు.