స్కీలు కొన్నానక్కా, ఇంకా జారలేదు

అక్కా,

నీ కాళ్ళకి దణ్ణం. ఇక్కడ కెనడాలో నేను బాగానే ఉన్నాను, ముందు ఆ మాట నమ్ము. నువ్వూ, బావగారూ, నా మేనకోడలు చిట్టీ ఎలా ఉన్నారు? అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోనుండగా ఉత్తరమేంటని అనుకుంటావు. ఫోన్లో అయితే ఈ సంగతి సగం చెప్పేలోపే ఏడుస్తావు, లేదా తిడతావు. అందుకే కాగితం మీద పెట్టి, మా హోటల్ ఓనరుగారి అత్తగారు తెనాలి వస్తుంటే ఆవిడ చేతికిస్తున్నాను. చివరిదాకా చదువు. నీ నుంచి ఒక మాట కావాలి.

స్కీలు కొన్నాను. కాళ్ళకి తగిలించుకుని మంచుకొండ మీంచి జారే పొడుగాటి చెక్కలు, టీవీలో చూసే ఉంటావు. కొన్నానంతే, ఇంకా జారలేదు. నీకిచ్చిన ఒట్టు మర్చిపోలేదు. బండి మీంచి పడి ఎడమకాలు విరిగినప్పుడు నన్ను చంటిపిల్లాడిలా చూసుకున్నావు. పిండికట్టు తీసిన రోజు, ఉయ్యాల్లో పడుకున్న చిట్టి తల మీద నా చెయ్యి పెట్టించి, పడితే ఎముక విరిగేది ఏదీ ఎక్కనని ఒట్టు వేయించుకున్నావు. అన్నీ గుర్తున్నాయి.

బ్రాంప్టన్‌లో దోసెల పని బాగానే సాగుతోంది. పెనం దగ్గర ఒళ్ళంతా చెమట, బయట అడుగుపెడితే ముక్కులో వెంట్రుకలు కూడా గడ్డకడతాయి. నేనుండే బేస్‌మెంట్ గదికి ఉన్న ఒక్క కిటికీని మంచు మూసేసింది. నా సంగతి నీకు తెలుసుగా, బెంచీ మీద కూర్చోలేక బడి మానేసినవాణ్ణి. ఇంటికి వచ్చేద్దామని సంచి సర్దడం, మళ్ళీ విప్పడం, ఇదే పనిగా ఉండేది. అలా ఉండగా ఓనరుగారింట్లో బర్త్‌డేకి దోసెలు వెయ్యడానికి మిల్టన్ వెళ్ళాం. ఊరి పక్కనే కొండ. దాని మీంచి నాన్న వయసు పెద్దాయన ఒకాయన, చేతులు వెనక్కి కట్టుకుని, ఏదో ఆలోచించుకుంటూ వీధిలో నడుస్తున్నట్టు స్కీల మీద జారుకుంటూ వచ్చాడు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

మాతో గిన్నెలు కడిగే నరేశ్ అని ఒకడున్నాడు, వరంగల్ వాడు, ఇక్కడ కాలేజీలో చదువుతున్నాడు. వాడే ఎటోబికోలో పాతవి అమ్మే స్కీ షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒకమ్మాయి నా పాదం కొలిచి బూట్లు తెచ్చింది. రాయిలా ఉన్నాయి, వేళ్ళు ముందుకి తగులుతున్నాయి. మనం ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొంటాం కదా, పైగా నేను రెండు జతల ఉన్ని మేజోళ్ళు వేసుకెళ్ళాను.

"ఒక నంబరు పెద్దది ఇమ్మనరా," అన్నాను.

వాడు అడిగి నవ్వుకుంటూ వచ్చాడు. "ఇయ్యదంటన్నా. కాలు లోపల కదిలితేనే పడతవంట. ఒక జత సాక్సులు ఇప్పుమంటున్నది."

"ఊపిరాడట్లేదురా."

"ఊపిరి కాలితోని తీసుకుంటవా అన్నా? నిలబడు జర."

ఆ అమ్మాయి బకిళ్ళు బిగించి, మోకాళ్ళు వంచి ముందుకి వాలమంది. అక్కా, నీకెప్పుడూ చెప్పలేదు, విరిగినప్పటి నుంచి ఎడమకాలి మీద బరువు వెయ్యాలంటే లోపల భయమే. ఆ పిక్క సన్నబడిపోయిందిగా. ఆ బూటు పిండికట్టులా పట్టుకుంది. కానీ అది మంచాన పడేసిన కట్టు, ఇది నిలబెట్టే కట్టు. బరువంతా ఆ కాలి మీదే వేసి నిలబడ్డాను. అమ్మాయి ఏదో అడిగింది.

"నొప్పి లేస్తున్నదా అంటున్నది," అన్నాడు నరేశ్. నా కళ్ళల్లో నీళ్ళు చూసి అడిగినట్టుంది. లేదని తలూపాను.

నా బరువు అడిగి, బూటుని చెక్కకి పట్టే క్లిప్పులు సరిచేశారు. గట్టిగా పడితే చెక్క దానంతటదే ఊడుతుందట, కాలు మెలిపడకుండా. ప్రతిసారీ ఊడుతుందని నమ్మకం లేదట, అదీ దాచకుండా చెబుతున్నాను. హెల్మెట్ కూడా కొన్నాను.

పోయిన సోమవారం సెలవు. చిన్నపిల్లలు నేర్చుకునే వాలు పైకి చెక్కలు భుజాన వేసుకుని నడిచి ఎక్కాం. పైన వాటిని కింద పెట్టి, కాలెత్తాను. చిట్టి తల గుర్తొచ్చింది, నా అరచేతి కింద వెచ్చగా. కాలు వెనక్కి తీసుకున్నాను.

"బండి గాదు గదన్నా, చెక్కలే! ఒట్టుకేమైతది?" అన్నాడు నరేశ్.

"బండని కాదురా, ఎముక విరిగేది ఏదైనా అంది మా అక్క."

"గట్లయితే కొన్నవెందుకు మరి?"

చెక్కలు మళ్ళీ భుజాన వేసుకున్నాను. ఆ బూట్లతోనే ఏనుగులా దిగివచ్చాను. పిల్లలు ఆగి మరీ చూశారు.

నీ భయం నాకు తెలుసక్కా. ఆసుపత్రి వరండాలో పడుకున్నది నువ్వు, నేను కాదు. చెప్పకుండా జారితే నీకు తెలియదు కూడా, కానీ అలా నాకొద్దు. చిట్టి ఇప్పుడు మాటలు బాగా చెబుతోందిగా. ఒట్టు దాని తల మీదిది కాబట్టి, దానిచేతే "ఒట్టు తీసి గట్టున పెట్టాను మావయ్యా" అనిపించి ఫోన్లో వాయిస్ పంపు. నీ మనసొప్పితేనే.

బావగారికీ, అత్తయ్యగారికీ నమస్కారాలు. ఓనరుగారి అత్తగారు తిరిగొచ్చేటప్పుడు ఆవిడతో కాస్త గోంగూర పచ్చడి పంపు. చిట్టికి ఉన్ని టోపీ పంపుతున్నాను, తెనాలి ఎండలో పెట్టకు, ఫొటోకి చాలు. నన్ను దీవించు.

నీ మనసొప్పకపోతే ఏమీ పంపకు. మళ్ళీ అడగను, అలగను. స్కీలు ఎవరికైనా ఇచ్చేస్తాను. బూట్లు మాత్రం ఉంచుకుంటాను, అప్పుడప్పుడు గదిలో వేసుకుని నిలబడటానికి. దానికి ఒట్టు అడ్డం రాదుగా.

ఏ మాట వచ్చినా, రాకపోయినా,
నీ తమ్ముడు
శీను