చెవి వెనక బోడి మచ్చ

సుగుణా,

ఈ రోజు మన హాల్లో నీ ఏడాది జ్ఞాపకార్థ కూటం పెట్టాం.

నువ్వు పోయే ముందు, కొబ్బరి దింపులో గూడుతో సహా కిందపడ్డ ఉడుత పిల్ల ఒళ్లంతా నెత్తురు పీల్చే గోమార్లే. "బతికినా ఎదగదండీ అమ్మగారూ," అన్నాడు దింపు తీసే సూరయ్య. "చిన్నప్పుడు నులిపురుగులతో నేనూ గిడసబారినదాన్నే. బతకలేదా సూరయ్యా?" అంటూ కానుగ నూనె రాసి ఒక్కొక్కటే ఏరావు.

సూరయ్య మాట నిజమే, అది ఎదగలేదు. గోమార్లు గుత్తిగా పట్టిన చెవి వెనక వెంట్రుకలూ మొలవలేదు. అయినా హాల్లో నీ రేడియో వెనక పీచుతో గూడు కట్టి పిల్లల్ని పెట్టింది. పొద్దున్న చూస్తే, వాటి ఒంటిమీద గోమార్లు నోటితో ఏరుతోంది.

అవి బెదురుతాయని కూటంలో పాటలు మెల్లగా పాడమన్నాను. దుఃఖం ఆపుకోలేకపోతున్నానని అందరూ అనుకున్నారు.