ఒంటిముడి

మార్చి 3

ఈ వీధి మీద నాకు అసహ్యం. రేపటికి మెత్తబడిపోతానేమోనని ఇవాళే రాసి పెట్టుకుంటున్నాను. ఎదురింటి టైలరు గుడ్డపీలికలన్నీ మా గుమ్మం ముందుకే ఊడుస్తాడు. మూల మీద టీ కొట్టువాడు వాడేసిన కప్పుల్ని మేకల్ని తోలినట్టు వీధిలోకి తోలేస్తాడు. అడిగితే, వీధి నీ అబ్బ సొత్తా అన్నాడు. మా అబ్బదీ, మీ అబ్బదీ కూడా, అదే నా ఏడుపు అన్నాను. నవ్వాడు. వాడి నవ్వు చూస్తే ఒళ్ళు మండింది.

లైబ్రరీలో దొరికిన కరపత్రం నాలుగుసార్లు చదివాను. మార్పు సొంత గడప దగ్గర మొదలవ్వాలట. రేపటి నుంచి మా ఇల్లంతా పొద్దున్నే అరగంట వీధిలో చెత్త ఏరుతుంది. ఒప్పుకోనివాళ్ళు ప్రగతి నిరోధకులు.

మార్చి 4

అందరూ ప్రగతి నిరోధకులే. ముందు నీ మంచం కింద ఏరుకోరా నాయనా అంది అమ్మ. చెల్లి గ్లోవ్స్ తొడుక్కుని, డాక్టరమ్మలా రెండు చేతులూ పైకెత్తి, పేషంటేడీ అంది. నాన్న మాత్రం బూట్లు వేసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా వర్క్‌షాపులో ఇనుప ముక్కల మధ్య తిరిగిన మనిషి. అడుగు చూసి వేస్తాడు.

రూల్స్ గోడకు అంటించాను. పటకారుతో తప్ప దేన్నీ ముట్టుకోకూడదు. సూది కనబడితే అక్కడే ఆగి పెద్దవాళ్ళను పిలవాలి. సంచిని కాలికి తగలనివ్వకూడదు, చేత్తో అదమకూడదు. ఇంటికి రాగానే సబ్బు. పెద్దవాళ్ళంటే నువ్వా అని చెల్లి అడిగింది.

మార్చి 9

నాన్నతో గొడవ. ముడి దగ్గర!

మా వీధికి చెత్తబండి తోసుకొచ్చే ఆవిడ ఈల ఊదుతూ వస్తుంది. అందుకని అందరూ ఈలావిడ అంటారు. ఆమె సంచి విప్పి బండిలో గుమ్మరించి, ఖాళీ సంచి మా గేటుకు తగిలించి పోతుంది. సంచిని మళ్ళీ మళ్ళీ వాడాలని కరపత్రంలో ఉంది. కాబట్టి సులువుగా ఊడే ఒంటిముడి వెయ్యాలి. నాన్నేమో గాజు పెంకు ఒక్కటున్నా చాలు, రెండు ముళ్ళు బిగిస్తాడు. విప్పలేక ఆమె సంచి చింపేస్తుంది.

రెండెందుకు అని అడిగాను. మా షాపులో అంతేరా అన్నాడు. అదే ఎందుకు అంటే, అంతే అన్నాడు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. లోకంలోని మూఢత్వమంతా ఈ 'అంతే' మీదే నిలబడి ఉందని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇంకొక్కటి వేస్తే మూడు ముళ్ళు, చెత్తకీ అన్నయ్యకీ పెళ్ళైపోతుంది అంది చెల్లి. నాన్న చేతులెత్తేశాడు. సరే, నీ ఇష్టం అన్నాడు.

మార్చి 10

గెలిచాను. అన్ని సంచులకూ ఒంటిముడే.

మార్చి 14, ఉదయం 7

టీ కొట్టు వెనక పగిలిన సీసా. ప్రతి పెంకూ పటకారుతో తీశాను. నా చేతికి గీత కూడా పడలేదు. సంచికి ఒంటిముడి వేసి గేటు దగ్గర పెట్టాను.

అదే రోజు, రాత్రి 8.20

ఈలావిడ చెయ్యి తెగింది. కుడిచెయ్యి, బొటనవేలి కింది నుంచి మణికట్టు దాకా.

ఒంటిముడి చూసి చెయ్యి పెట్టింది. చెత్త మోసేవాళ్ళకు ముడే గుర్తట. ఒక్కటుంటే చెయ్యి పెట్టి సీసాలూ అట్టలూ వేరు చేసుకోవచ్చు. రెండుంటే లోపల కోసేది ఉందని. చదువు రాని మా బోటివాళ్ళకి అదేరా అక్షరం, ఇన్ని కాగితాలు చదివావు, ఈ ముక్క ఎవడూ రాయలేదా అంది. రక్తం కారుతూనే ఉంది, తిడుతూనే ఉంది. నేను గ్లోవ్స్ తీసుకుని పరిగెత్తాను. ఇప్పుడా దొరా అంది.

ఆ చేతులకు గ్లోవ్స్ లేవన్న సంగతి నేనెప్పుడూ చూడలేదు. మా ఇంట్లో నాలుగు జతలున్నాయి.

నాన్న ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తొమ్మిది కుట్లు.

మార్చి 15



ఈలావిడ ఇంటికి వెళ్ళాను. నీ క్షమాపణ పట్టుకుపోయి మీ గోడకి అంటించుకో అంది. వారం రోజులు తన లైను, అంటే తనకిచ్చిన ఈ వీధుల వరస, ఊడవకపోతే పని చూసే మేస్త్రీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తాడట. ఇరవై ఏళ్ళుగా ఆమె ఊడుస్తున్న లైను. పిటిషన్ పెడదాం, మేస్త్రీని నిలదీస్తాను అన్నాను. నువ్వు నోరు తెరిస్తే ఉన్నదీ ఊడుతుంది, రేపు ఐదున్నరకి బండి దగ్గరుండు, నోరు ఇంట్లో పెట్టి రా అంది.

మార్చి 16

బండి తోశాను. చీపురు పట్టడం రాదని మూడుసార్లు తిట్టింది. దుమ్ము లేపుతున్నావు, ఊడుస్తున్నావా, పొలం దున్నుతున్నావా అంది. టీ కొట్టువాడు చూసి, ఏం దొరా, ప్రమోషనా అన్నాడు. వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. పళ్ళు బిగపట్టి వాడి కప్పులే ఏరాను.

మా గేటు ముందుకొచ్చేసరికి అమ్మ, నాన్న, చెల్లి గ్లోవ్స్ వేసుకుని ఏరుతున్నారు. ఎవరూ లేపలేదు వాళ్ళని. గాజు పెంకులు పాలపొడి డబ్బాలో వేసి, మూత బిగించి, విడిగా పెట్టారు. అమ్మ ఆ డబ్బా నాకివ్వలేదు. నేరుగా ఈలావిడకు చూపించి, ఇందులో గాజుందమ్మా అని చెప్పి ఇచ్చింది. నోటితో చెప్పడం! ఇంత చిన్న పని నాకు తట్టలేదు.

మార్చి 19

రేపు మేస్త్రీ లైను చూడ్డానికి వస్తాడట. ఆమె చేతి కట్టు ఇంకా విప్పలేదు.

మార్చి 20

మేస్త్రీ వచ్చాడు. కట్టు చూశాడు, నన్ను చూశాడు. వీడెవడు అన్నాడు.

నోరు తెరవబోయాను. ఆమె నా కాలు తొక్కింది.

వీడా, నా కుడిచెయ్యండీ అంది. సరిగా పని చెయ్యదు, కానీ ఉంది.