చలపతిరావు వాకిట్లో చెప్పులు

ఫిల్మ్ నగర్,
శనివారం.

అక్కకు తమ్ముడు జంగయ్య దండాలు. ఇక్కడ నాకు తిండికీ నిద్రకీ లోటు లేదు. నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారని నమ్ముతున్నాను.

మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు, అలవాటైంది. పని అదే, సినిమావాళ్లకు ఉత్తుత్తి తుపాకులు కిరాయికిచ్చే కొట్టులో. పొద్దున ఎన్ని పోయాయో, సాయంత్రం ఎన్ని తిరిగొచ్చాయో రోజూ పుస్తకంలో రాస్తాను. పోస్టర్లు చూసి నేర్చుకున్న అక్షరాలు అందుకు సరిపోతున్నాయి. ఫోనులో ముక్తసరిగా మాట్లాడతానని కోప్పడ్డావు. ఈ సంగతి ఫోనులో చెప్పలేక రాస్తున్నాను.

నిన్న జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. వకీలు చలపతిరావు హత్య మీద సినిమా. ఎన్నికలకు నిలబడ్డ ఆయన్ని ఇరవై మూడేళ్ల కింద ఇంట్లోనే కాల్చారు, నీకు గుర్తుండే ఉంటుంది. ఆయన కూతురు మంజులతను కూడా పిలిచి కూర్చోబెట్టారు. సీనులో వకీలు వేషం వేసినాయన చేతులు జోడించి ఏడుస్తున్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"ఆయన ఏడ్వలే సార్. చెప్పులు లోపలికి తెచ్చుకో, బైట ఎండకు కాలుతయి అన్నడు."

డైరెక్టరు క్రాంతికుమార్, "తుపాకులు మానేసి డైలాగులు రాసుకో జంగయ్యా, బాగుంది, పెట్టేద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు, మంజులత తప్ప. భోజనాల వేళ మా వ్యాను దగ్గరికి వచ్చింది.

"ఇంటికొచ్చినోళ్లకు మా నాయన అనేటి మాట అది. నీకెప్పుడన్నడు?"

అబద్ధం దొరకలేదక్కా. "ఆఖరి రోజు" అన్నాను.

ఆమె చాలాసేపు నా చేతుల వైపు చూసింది. "సోమవారం ఠాణాకు పోత. నువ్వే ముందు పోతవా, గుంజుకపొమ్మంటవా?"

నక్సలైట్ దళంవాళ్లు నాయనను చంపారని, వాళ్లను ఎదిరించే సేనలో నేను చేరింది నీకు తెలుసు. అడవిలో ఎదురెదురుగా పోరాడతామనుకున్నాను. తర్వాత సేనను నడిపే పెద్దమనుషులు తమకు గిట్టనివాళ్ల ఇళ్లకు మమ్మల్ని పంపడం మొదలుపెట్టారు. అర్జీ ఇచ్చే నెపంతో చలపతిరావు ఇంటికి పోయి కాల్చింది నేనే.

ఆ రోజు నేను జ్వరంతో నీ ఇంట్లో పడుకున్నానని, బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి పోలీసులకు చెప్పావు. ఎక్కడికి పోయావని నన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్నేమో. ఇంక దాచే ఓపిక లేదు.

ఈ ఉత్తరం రేపటి బస్సులో మన ఊరి డ్రైవరు తెస్తాడు. సోమవారం పొద్దున్నే నేను ఠాణాకు పోతాను. వాళ్లు నీ దగ్గరికి వస్తారు. ఆ రోజు జంగయ్య మా ఇంట్లో లేడని చెప్పు. కత్తి చూపించి నీ చేత అబద్ధం చెప్పించానని నేను రాసిస్తాను. అది ఒక్కటి నువ్వు కాదనకు.

ఇట్లు,
నీ తమ్ముడు,
జంగయ్య