నాన్న వన్స్ మోర్, నా పాండిచ్చేరి

సత్తెనపల్లి, బుధవారం రాత్రి

పాండిచ్చేరిలో ఫ్రెంచ్ కోర్సుకు సీటొచ్చిందని నాన్నకు ఇవాళ ఎలాగైనా చెప్పేయాలనుకున్నాను. నేను ఏ ఫ్రెంచ్ పాట పెట్టినా "ఆ పాడే పిల్లకి మిరప ఘాటు ముక్కుకెక్కిందా ఏంది?" అనే మనిషి. ఊరికే చెబితే వినరు. అందుకే ఒక ఫ్రెంచ్ సినిమా పెట్టి పక్కన కూర్చోబెట్టాను. అందులో కాఫీ అడగాలన్నా పాటే. హీరోయిన్ ఇల్లు వదిలి రైలెక్కే పాట అవగానే నా సంగతి బయటపెట్టాలని ప్లాను.

పాట అయింది. నాన్న "వన్స్ మోర్" అన్నారు.

పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి కదా. అక్కడ జనం వన్స్ మోర్ అంటే చచ్చిపడిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడాల్సిందే. వెనక్కి తిప్పాను. మళ్లీ అదే మాట. ఆ రైలు కదిలేలా లేదు, నా నోరు పెగిలేలా లేదు.

చివరికి టీవీ ఆపేసి గబగబా చెప్పేశాను. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అట్టా అప్పజెప్పినట్టు కాదమ్మా. పాడి చెప్పు."

పాండిచ్చేరి, సీటు, హాస్టల్, అన్నీ ఆ రైలు పాట వరసలోనే పాడాను. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

"సరే, పోయిరా," అన్నారు నాన్న. "హాస్టల్ దగ్గర మాత్రం శ్రుతి తప్పావు."

ఒప్పుకున్నారు, ఇక హాయిగా నిద్రపోవాలి. కానీ దుప్పటి ముసుగులో ఆ హాస్టల్ ముక్కే మళ్లీ పాడి చూసుకున్నాను, చాలా మెల్లగా.

పక్క గదిలోంచి వినపడింది: "వన్స్ మోర్."